ఛాతీ మీద బ్యాడ్జి, వేళ్లకు డోసు

(ఒక ప్రైవేటు ఆసుపత్రి న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో సిబ్బందికి రేడియేషన్ ఎంత తగిలిందో కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీలు మూడు నెలలూ అల్మరాలోనే పడి ఉన్నాయన్న ఫిర్యాదుపై చర్చ. ఎవరెవరు ఎక్కడ అడ్డుపడ్డారో అలాగే ఉంచాం.)

యాంకర్: నా వాచ్‌లో గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో ఇప్పుడే కనిపిస్తోంది. రేడియేషన్ ఎంత తగిలిందో తెలియడానికి మూడు నెలలా?

మెడికల్ ఫిజిసిస్ట్: బ్యాడ్జిలో కాల్షియం సల్ఫేట్ బిళ్లలు ఉంటాయండి. మూడు నెలలకోసారి ల్యాబ్‌లో వేడి చేస్తే వెలుగొస్తుంది, దాన్నిబట్టి ఒంటికి తగిలిన రేడియేషన్ డోసు లెక్క. అప్పటికప్పుడు చూపించే పాకెట్ డోసిమీటర్లు కూడా...

ఆసుపత్రుల ప్రతినిధి: సార్, నన్ను చెప్పనివ్వండి. అణుశక్తి నియంత్రణ మండలి ఏఈఆర్‌బీ పెట్టిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, అదే రేడియేషన్ డోసు కొలత. ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. మా వాళ్లకు అందులో సగం కూడా రాదు. రికార్డులున్నాయి!

టెక్నాలజిస్ట్: అల్మరాలో ఉన్న బ్యాడ్జికి ఏం వస్తుందండీ?

ప్రతినిధి: పెట్టుకోకపోతే తప్పెవరిది? చేతికిచ్చాం కదా!

టెక్నాలజిస్ట్: రీడింగ్ ఎక్కువొస్తే సంజాయిషీ రాయాలి, డ్యూటీ మారుస్తారని భయం. ఆ భయంతోనే...

యాంకర్: వాచ్‌లాగా ఫోన్‌కే మెసేజ్ వస్తే ఈ గొడవే ఉండదు కదా?

టెక్నాలజిస్ట్: మేడమ్, ఒక్క నిమిషం. పెట్ స్కాన్‌కు ఎక్కువగా వాడే రేడియోధార్మిక మందు అర్ధాయువు 110 నిమిషాలే, అంతలోనే దాని రేడియోధార్మికత సగానికి పడిపోతుంది. గబగబా సిరంజిలోకి తీయాలి. సిరంజికి టంగ్‌స్టన్ తొడుగు ఉంటుంది, కానీ బరువు. రక్తనాళం దొరకడం లేదని కొందరు తీసేస్తారు. అప్పుడు తగిలేది వేలి కొసకు. ఛాతీ మీది బ్యాడ్జికి అది ఎలా తెలుస్తుంది? ఉంగరం బ్యాడ్జి కావాలని...

ప్రతినిధి: చేతులకు 500 దాకా పర్మిషన్ ఉంది!

యాంకర్: 500! అది స్క్రీన్ మీద వేయండి.

ఫిజిసిస్ట్: అది చేతులకు వేరే పరిమితి. ఒళ్లంతటికీ ఉన్న 20తో కలపకండి.

ప్రతినిధి: లెడ్ ఏప్రన్లు కూడా కొనిచ్చాం.

ఫిజిసిస్ట్: పెట్ మందు వల్ల వచ్చే గామా కిరణాలకు 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి. అర మిల్లీమీటరు సీసం దాన్ని పెద్దగా ఆపదు. దూరం, సమయం...

యాంకర్: సెల్ టవర్ రేడియేషన్ కూడా ఇలాంటిదేనా?

ఫిజిసిస్ట్: కాదండీ, అది అసలు...

ప్రతినిధి: చూశారా? జనాన్ని అనవసరంగా టెన్షన్ పెడుతున్నారు! రోగులు స్కాన్‌కు రావడం మానేస్తే బాధ్యత ఎవరిది? మళ్లీ చెప్తున్నా, పరిమితి లోపలే ఉన్నాం.

టెక్నాలజిస్ట్: ఏ రీడింగ్ ప్రకారం?

ప్రతినిధి: రికార్డుల ప్రకారం!

యాంకర్: టైమ్ అయిపోయింది. మొత్తానికి బ్యాడ్జి పెట్టుకోకపోవడమే అసలు సమస్య అని తేలింది. వాచ్ సంగతి మాత్రం రేపు మళ్లీ అడుగుతాను.

టెక్నాలజిస్ట్: మేడమ్, ఉంగరం బ్యాడ్జి గురించి ఇంకా...

(బ్రేక్)