గ్రాఫ్ ఆగిపోయింది, స్క్రిప్ట్ మాత్రం నోరు మెదపదు
(హైదరాబాద్ స్టూడియో నుంచి ఫోన్-ఇన్ కార్యక్రమం, రాతప్రతి)

వ్యాఖ్యాత: నమస్కారం. సర్వర్లు, గ్రాఫులు, వాటిని నడిపే స్క్రిప్టుల మీద మీ సందేహాలకు జవాబిచ్చేందుకు మేడమ్ మనతో ఉన్నారు. మొదటి కాల్... హలో, ఎక్కడి నుంచండీ?

కాలర్: నమస్తే అండీ, దిల్‌సుఖ్‌నగర్ నుంచి. మేం ఇళ్లకు ఇంటర్నెట్ కనెక్షన్లు ఇస్తాం మేడమ్. ఏ లైన్లో ఎంత ట్రాఫిక్ పోతోందో చూసే గ్రాఫులు ఆర్‌ఆర్‌డీటూల్‌తో వస్తాయి, టైమ్ వారీగా కొలతలు దాచి గ్రాఫ్ గీసే టూల్ అది. నా ముందు పనిచేసినాయన దాని స్క్రిప్ట్ పెర్ల్ భాషలో రాసిపెట్టి వెళ్లారు. ఈమధ్య కొత్త సర్వర్‌కి మారాం. ఫైళ్లన్నీ కాపీ చేశాను. గ్రాఫులు మాత్రం మారిన రోజు దగ్గరే ఆగిపోయాయి. స్క్రిప్ట్‌ని టైమ్‌కి నడిపే క్రాన్ అయిదు నిమిషాలకోసారి నడుస్తూనే ఉంది, ఒక్క ఎర్రర్ కూడా లేదు. ఓనర్ గారు గంటకోసారి అడుగుతున్నారు, ఒకటే టెన్షన్.

మేడమ్: ఎర్రర్ లేదంటున్నారు. అసలు మీ స్క్రిప్ట్ ఎర్రర్‌ని అడుగుతోందా?

కాలర్: అడగడమేంటి మేడమ్?

మేడమ్: పెర్ల్‌లో వాడే ఆర్‌ఆర్‌డీఎస్ మాడ్యూల్ తీరే అంత. అప్‌డేట్, అంటే కొత్త కొలతని ఫైల్లో రాయడం, ఫెయిలైనా ప్రోగ్రామ్‌ని ఆపదు, తెర మీద ఏమీ రాయదు. ఏం జరిగిందో లోపల దాచుకుని ఊరుకుంటుంది. మీరే ప్రతి కాల్ తర్వాత ఆర్‌ఆర్‌డీఎస్ ఎర్రర్ అనే ఫంక్షన్‌ని పిలిచి కనుక్కోవాలి. పైథాన్ భాషలో అయితే ఎక్సెప్షన్, అంటే ఎర్రర్ సంకేతం, వచ్చి ప్రోగ్రామ్ అక్కడికక్కడే ఆగుతుంది. ఆర్‌ఆర్‌డీటూల్ తయారు చేసిన టోబియాస్ ఓటికర్ గారు దాని 1.0 విడుదల చేసింది 1999లో. ఇన్నేళ్లుగా ఎందరికో పనికొస్తున్న టూలే, కాదనను. కానీ ఈ ఒక్క పద్ధతి నాకు మొదట్నుంచీ నచ్చదు. మీ ముందు కంప్యూటర్ ఉందా?

కాలర్: ఉందండీ, తెరిచే ఉంది.

మేడమ్: అప్‌డేట్ లైన్ కింద ఆ ఫంక్షన్ ఫలితాన్ని ఒక వేరియబుల్‌లోకి తీసుకోండి. అది ఖాళీ కాకపోతే ప్రింట్ చేయమనండి. గ్రాఫ్ గీసే లైన్ కింద కూడా పెట్టండి. బొమ్మ కొత్తగా తయారవక పాత ఫైలే మిగిలిపోయింది, మీకు కనిపిస్తున్నది అదే.

కాలర్: ఒక్క నిమిషం... వచ్చింది మేడమ్! "దిస్ ఆర్‌ఆర్‌డీ వాజ్ క్రియేటెడ్ ఆన్ అనదర్ ఆర్కిటెక్చర్" అంటోంది, అంటే ఈ ఫైల్ వేరే రకం మిషన్ మీద తయారైందని.

మేడమ్: పాత సర్వర్ 32 బిట్‌దా?

కాలర్: అవునండీ, చాలా పాతది. కొత్తది 64.

మేడమ్: అదీ సంగతి. మీ కొలతలుండే ఆర్‌ఆర్‌డీ ఫైల్ టెక్స్ట్ కాదు. మిషన్ మెమరీలో డేటా ఎలా పేర్చుకుంటుందో దాదాపు అలాగే డిస్క్ మీదికి దింపేస్తుంది. ఫైల్ మొదట్లోనే గుర్తుగా ఒక పెద్ద సంఖ్య ఉంటుంది: 8.642135, దాన్ని 10 పవర్ 130తో గుణించాలి. సున్నా నుంచి లెక్కపెడితే 32 బిట్ ఇంటెల్ మిషన్లో అది 12వ బైట్ దగ్గర మొదలైతే, 64 బిట్‌లో 16వ బైట్ దగ్గర ఉండాలి. కొత్త సర్వర్ తన లెక్క ప్రకారం చూసింది, అక్కడ ఆ సంఖ్య దొరకలేదు. అందుకే ఫైల్ తెరవనంది. పాడైపోలేదు, కంగారు పడకండి. పాత మిషన్ ఉంచారా, తీసేశారా?

కాలర్: మూల పడేశాం. పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామని...

మేడమ్: అయ్యో, ఇవ్వకండి! ముందు దాన్ని ఆన్ చేయండి. అక్కడే ప్రతి ఫైల్ మీదా ఆర్‌ఆర్‌డీటూల్ డంప్ నడిపితే ఎక్స్‌ఎమ్‌ఎల్, అంటే టెక్స్ట్ రూపంలో ఫైల్, వస్తుంది. దాన్ని ఏ మిషనైనా చదవగలదు. కొత్త సర్వర్‌లో క్రాన్ ఆపి, కాపీ చేసిన పాత ఫైళ్లు పక్కకు జరిపి, ఆ ఎక్స్‌ఎమ్‌ఎల్‌ని తెచ్చి ఆర్‌ఆర్‌డీటూల్ రిస్టోర్ చేయండి. రూట్‌గా, అంటే అడ్మిన్ యూజర్‌గా, రిస్టోర్ చేస్తే ఫైళ్లు రూట్ పేరు మీద ఉండిపోతాయి. క్రాన్ వేరే యూజర్ కింద నడుస్తుంటే మళ్లీ వాటిలో రాయలేకపోతుంది. ఓనర్‌షిప్ మార్చడం మర్చిపోకండి.

వ్యాఖ్యాత: మధ్యలో పోయిన రోజుల సంగతేంటి మేడమ్?

మేడమ్: అవి రావు. ఎవరూ నమోదు చేయలేదుగా, అక్కడ ఖాళీ కనిపిస్తుంది. ఓనర్ గారికి ఇప్పుడే చెప్పేయండి.

కాలర్: చెప్తానండీ. థాంక్స్ మేడమ్.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ ఉప్పల్ నుంచి. చెప్పమ్మా.

రెండో కాలర్: నమస్తే మేడమ్. మా అపార్ట్‌మెంట్ సంపులో నీళ్ల మట్టం రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌తో కొలుస్తున్నాను. పైథాన్ మాడ్యూల్‌తో ఆర్‌ఆర్‌డీలో వేస్తున్నా. అంతా బాగానే ఉంది కానీ, రోజువారీ సగటు తీస్తే రోజు పొద్దున్న అయిదున్నరకి మొదలవుతోంది. అయిదింటికి వచ్చిన ట్యాంకర్ నిన్నటి లెక్కలో పడుతోంది. కమిటీ అంకుల్ వాళ్లు ఒప్పుకోవట్లేదు.

మేడమ్: (నవ్వుతూ) అంకుల్ వాళ్లదే న్యాయం. నీ స్క్రిప్ట్‌లో తప్పేం లేదమ్మా. ఆర్‌ఆర్‌డీటూల్ 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టి, 86,400 సెకన్లకో రోజు కడుతుంది. అది గ్రీనిచ్ అర్ధరాత్రి. మనకు అయిదున్నర. టైమ్ జోన్ మార్చినా ఆ గడులు జరగవు. గంట సగటు పెట్టుకున్నా అంతే, మన గడియారంలో ప్రతి గంటా అర దగ్గర మొదలవుతుంది. అరగంట గడులైతే మన అర్ధరాత్రి దగ్గర సరిగ్గా తెగుతాయి, అందుకని అరగంట సగటు పెట్టుకో. నీ స్టెప్, అంటే కొలతకీ కొలతకీ మధ్య గ్యాప్, 300 సెకన్లేనా?

రెండో కాలర్: అవును మేడమ్.

మేడమ్: అయితే 6 స్టెప్పులకో సగటు. మన అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా ఉన్న 48 విలువలు ఫెచ్ చేసి, పైథాన్‌లోనే సగటు కట్టు. ఒక్కో వరసకున్న టైమ్ ఆ అరగంట ముగిసిన టైమ్, మొదలైనది కాదు. అంటే మొదటి వరస పన్నెండున్నరది. కొన్ని చోట్ల నన్ (None), అంటే విలువ లేదని వస్తుంది, దాన్ని సున్నా అనుకుని కలపకు, వదిలేయ్.

రెండో కాలర్: చివరి వరస ఎప్పుడూ నన్నే వస్తోంది, అది కూడానా?

మేడమ్: ఆ అరగంట ఇంకా పూర్తి కాలేదు కాబట్టి. కాసేపాగి అడిగితే విలువ వస్తుంది.

రెండో కాలర్: సరే మేడమ్, ఈ రాత్రే మార్చి చూస్తాను.

వ్యాఖ్యాత: మూడో కాల్ లైన్లో ఉంది, చిన్న విరామం తర్వాత తీసుకుందాం.