ఎర్ర దీపం వెలిగితే ముందు ఆయిల్ పోయకండి

నమస్కారం. హనుమకొండలో మా ఇంటి ముందు, ఈ వేపచెట్టు కింద నిలబడిన బండి మా బాబాయిది. 2007లో కొన్న ఏడు సీట్ల డీజిల్ బండి. పోయిన నెల ములుగు నుంచి వస్తుంటే మీటరులో ఎర్ర దీపం వెలిగింది. వలయం మధ్యలో ఆశ్చర్యార్థకం గుర్తు ఉంటుంది చూడండి, అదే. మొదట మలుపు తిరిగినప్పుడే వెలిగేది, తిన్నగా వెళ్తే ఆరిపోయేది. రెండు రోజులకు ఆరడం మానేసింది. బాబాయి నన్ను పిలిచి, "కాస్త బ్రేక్ ఆయిల్ పోయరా, ఆరిపోతుంది" అన్నాడు.

పోస్తే ఆరిపోయేదే. కానీ నేను పోయలేదు. ఎందుకో చెప్పడానికే ఈ వీడియో.

ఇంజన్ ఆయిల్ కొంత కాలిపోతుంది. రేడియేటరులో నీళ్లు కొంత తగ్గుతాయి. బ్రేక్ ఆయిల్ అలా ఖర్చయ్యేది కాదు. డబ్బాలో మట్టం తగ్గిందంటే, చక్రం డిస్కును పట్టి ఆపే ప్యాడ్లు అరిగి, వాటిని నొక్కే పిస్టన్లు బయటికి జరిగి, వాటి వెనుక ఖాళీలోకి ఆయిల్ వెళ్లి ఉండాలి. లేదంటే ఎక్కడో కారుతూ ఉండాలి. ప్యాడ్ల వల్లే అయితే, కొత్తవి వేసిన రోజు ఆ ఆయిల్ మళ్లీ డబ్బాలోకే వస్తుంది. ముందే నిండుగా పోసి ఉంటే పొంగి బయట పడుతుంది, తగిలిన చోట రంగు లేచిపోతుంది. కారుతుంటే మాత్రం మీరు పోసింది కూడా కారిపోతుంది. ఈలోపు దీపం ఆరి ఉంటుంది కాబట్టి ఆ సంగతి మీకు తెలియదు. పిల్లలను ఎక్కించుకుని తిరిగే బండికి ఇలా చేయడం నాకు భయం.

సరే, ఎలా వెతకాలో చూద్దాం. ముందు హ్యాండ్ బ్రేక్. పూర్తిగా కిందికి దించండి. పాత బళ్లలో లివర్ కింద ఉండే చిన్న స్విచ్ దుమ్ము పట్టి ఇరుక్కుంటుంది, అప్పుడు లివర్ దించినా దీపం ఆరదు. తర్వాత బానెట్ ఎత్తి, బ్రేక్ ఆయిల్ డబ్బాకు వచ్చే వైరు సాకెట్ ఊడదీయండి. తాళం తిప్పి చూడండి. దీపం ఆరితే సంగతి డబ్బాలోనే ఉంది. ఆరకపోతే హ్యాండ్ బ్రేక్ స్విచ్ వైరు తీసి చూడండి. ఆయిల్ నిండుగా ఉన్నా దీపం వెలుగుతుంటే, లోపలి తేలుడు బిళ్ల ఆయిల్ పీల్చుకుని మునిగి ఉండవచ్చు. బాబాయి బండిలో అది బాగానే ఉంది. మట్టం నిజంగానే కింది గీతకు దిగిపోయింది. మలుపులో ఆయిల్ ఒక పక్కకు ఒరిగినప్పుడు ముందుగా వెలిగింది అందుకే.

"బ్రేక్ బాగానే పడుతోంది కదరా" అన్నాడు బాబాయి. పడుతుంది. ఇలాంటి బళ్లలో ముందు చక్రాలకు ఒక దారి, వెనుక చక్రాలకు ఒక దారి విడివిడిగా ఉంటాయి. ఒకటి కారుతున్నా రెండోది బండిని ఆపుతుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది. సగం పోయినా ఏమీ పోనట్టే కాలికి అనిపిస్తుంది.

ఇంజన్ ఆపి, పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కి, తర్వాత ఒక నిమిషం గట్టిగా తొక్కి పట్టండి. కాలు నెమ్మదిగా కిందికి దిగుతుంటే బయట కారుతున్నట్టు, లేదా పెడల్ తొక్కితే ఆయిల్‌ను గొట్టాల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు పట్టు వదిలినట్టు. మాకు దిగింది, చాలా నెమ్మదిగా. ముందు ప్యాడ్లు చూశాను. ఇంకా సగం ఉన్నాయి. అంటే కారడమే.

ఇప్పుడు కెమెరా కిందికి తెస్తున్నాను. వెనుక ఎడమ చక్రం లోపలి వైపు చూడండి. మిగతా చక్రాల మీద పొడి ఎర్రమట్టి ఉంది, ఇక్కడ మాత్రం మట్టి నల్లగా తడిసి ముద్దగా అంటుకుంది. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, జాకీ ఎత్తి, దాని పక్కన స్టాండు కూడా పెట్టి, హ్యాండ్ బ్రేక్ దించి డ్రమ్ము తీశాను. ఒక్క జాకీని నమ్మి బండి కింద చేరకండి, దయచేసి. డ్రమ్ము లోపల బ్రేక్ షూలను బయటికి నెట్టే వీల్ సిలిండర్ ఇది, దీని చివరన ఈ రబ్బరు టోపీ అంచును స్క్రూడ్రైవర్‌తో కాస్త ఎత్తితే... చూశారా? టీ రంగు చుక్కలు. పొడిగా ఉండాల్సిన చోటు ఇది. కింద బ్రేక్ షూ అంచు కూడా తడిసిపోయింది.

మన దగ్గర దీన్ని ఆయిల్ అని పిలవడం వల్ల ఎంత నష్టమో! పేరు విని ఇంజన్ ఆయిల్ పోసినవాళ్లను నేను చూశాను. అలా పోస్తే బ్రేకులోని రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. ఇది నూనె కాదు, గ్లైకాల్ ద్రవం. గ్లాసు నీళ్లలో ఒక చుక్క వేస్తున్నాను, కలిసిపోయింది. ఇంజన్ ఆయిల్ చుక్క పైన తేలుతోంది.

నీటిలో కలిసే గుణం వల్లనే ఇది గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. డాట్ 3 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోవచ్చు. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్‌లో కాలు తీయకుండా బ్రేక్ తొక్కుతూ దిగేవాళ్లు దీన్ని బాగా గుర్తుంచుకోవాలి. ఆయిల్ మరిగితే గొట్టంలో ఆవిరి చేరుతుంది, పెడల్ నేలకు తగులుతుంది, బండి ఆగదు. అప్పుడు ఈ ఎర్ర దీపం వెలగకపోవచ్చు కూడా. దానికి తెలిసింది మట్టమే, ఆయిల్ వయసు తెలియదు. అందుకే రెండేళ్లకోసారి మార్చాలి, దిగేటప్పుడు గేరు తగ్గించాలి. మేడారం జాతర కూడా రెండేళ్లకోసారే కదా, బయలుదేరే ముందు మార్పించమని మా ఇంట్లో అందరికీ చెప్పాను.

ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు, ఉన్న బళ్లవాళ్లకు ఒక మాట. దాని పసుపు దీపం ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకు సాధారణంగా పనిచేస్తుంది. ఎరుపు, పసుపు రెండూ వెలిగితే బండి అక్కడే ఆపండి.

వెనుక రెండు వైపులా వీల్ సిలిండర్లు, షూలు మార్చాం. ఒక వైపే మారిస్తే బ్రేక్ వేసినప్పుడు బండి పక్కకు లాగవచ్చు. బాబాయి పెడల్ తొక్కుతుంటే నేను చక్రం దగ్గర గాలి వదిలే మర, అదే బ్లీడర్, దగ్గర కూర్చుని, బుడగలు ఆగేదాకా గాలి తీశాను. డబ్బాలో డాట్ 3 పై గీత వరకు నింపి, ఆ మట్టం దగ్గర తెల్ల టేపు ముక్క అంటించి తేదీ రాశాను. ఇది జరిగి ఇరవై రోజులైంది, బండి రెండుసార్లు భూపాలపల్లి వెళ్లి వచ్చింది. ఇప్పుడు మీ ముందే బానెట్ ఎత్తుతున్నాను. ఆయిల్ టేపు దగ్గరే ఉంది.