ఎలుక కంటికి ఎరుపెంత?

అందరికీ నమస్కారం. సైన్స్ డే రోజున వెలుతురు గురించి మాట్లాడమంటే కాదనలేం. 1928 ఫిబ్రవరి 28న రామన్ గారు పట్టుకున్నది కూడా రంగు మారిన వెలుతురునే. నేను మాత్రం వెలుతురును అందుకునే కన్ను గురించి, అదీ ఎలుక కన్ను గురించి చెప్పాలని వచ్చాను. చిత్తూరులో నిలబడి ఎలుకను తక్కువ చేసి మాట్లాడను లెండి, కాణిపాకం ఎంతో దూరం లేదు.

పోయిన నెల పూతలపట్టు దగ్గర ఒక రైతు నన్నడిగాడు. "సార్, ఎర్ర లైటు ఎలకలకు కనపడదంట గదా. రాత్రి చెనిక్కాయ చేన్లోకి ఎర్ర కాగితం కట్టిన టార్చి ఏసుకుని పోతే వాటికి తెలీదా?" నేను ఠక్కున "తెలీదు" అనేశాను. ఎలుకల కళ్లతో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషిని! ఇంటికొచ్చి పడుకున్నాక గానీ నేను చెప్పింది తప్పని తట్టలేదు. ఈ రోజు మాట్లాడబోయేది ఆ తప్పు గురించే.

ఎలుకను "నీకేం కనిపిస్తోంది" అని అడగలేం. అందుకని దాని కంటినే అడుగుతాం. వెలుతురు పడ్డప్పుడు రెటీనాలో, అంటే కంటి వెనక పొరలో, చిన్న కరెంటు పుడుతుంది. 1865లో స్వీడన్‌లో హోంగ్రెన్ అనే శరీరశాస్త్రవేత్త దాన్ని మొదటిసారి కొలిచాడు. ఇప్పుడు ఆ కొలతను ఎలక్ట్రోరెటినోగ్రామ్ అంటాం, ల్యాబులో అయితే పొట్టిగా ఈఆర్‌జీ. దాన్ని విడదీసి ఏ భాగం ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్పినవాళ్లలో రాగ్నర్ గ్రానిట్ ముఖ్యుడు. కంటి మీద చేసిన పనికి ఆయనకు 1967లో నోబెల్ పంచుకునే గౌరవం దక్కింది.

పని ఇలా సాగుతుంది. ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి. అది లేకుండా ఎలుకను ముట్టుకోకూడదు. తర్వాత రాత్రంతా ఎలుకను చీకట్లో ఉంచుతాం. తెల్లారి మత్తిచ్చి, కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి, వెచ్చని ప్యాడ్ మీద పడుకోబెడతాం. ఆ వెచ్చదనం చాలా ముఖ్యం. మత్తులో ఒళ్లు చల్లబడితే ఎలుక కంటి లెన్సు తాత్కాలికంగా తెల్లబడిపోతుంది, ఇక ఆ రోజు కొలతలన్నీ గంగలో కలిసినట్టే. తర్వాత వెంట్రుకంత సన్నటి బంగారు తీగను ఉంగరంలా వంచి నల్లగుడ్డు మీద ఆనిస్తాం. ఇంకో సూది చెంప దగ్గర, ఇంకోటి తోక దగ్గర. ఇదంతా మసక ఎర్ర లైటులో చేస్తాం. ఈ ఎర్ర లైటును గుర్తుపెట్టుకోండి.

ఒక ఫ్లాష్ వేస్తే తెర మీద గీత ముందు కిందికి కుంగుతుంది. అది వెలుతురును అందుకునే కణాల జవాబు, 'ఎ' తరంగం. వెంటనే పైకి లేస్తుంది. అది లోపలి వరసలోని బైపోలార్ కణాల జవాబు, 'బి' తరంగం. ఎత్తు కొన్ని వందల మైక్రోవోల్టులు. పెన్సిల్ సెల్లులో వెయ్యో వంతు కూడా ఉండదు. పక్క గదిలో లిఫ్టు కదిలినా గీత వణుకుతుంది.

ఇక రంగు సంగతి. కంట్లో వెలుతురును అందుకునే రెండు రకాల కణాలు, దండాలు, శంకువులు, పదో తరగతిలో చదివే ఉంటారు. ఎలుక రెటీనాలో ఆ కణాల్లో నూటికి 97 వంతులకు పైగా దండాలే. ఒక దండానికి రంగు తెలియదు. తిరుమల హుండీని తలచుకోండి. నోటు లోపల పడ్డాక అది కర్నూలు భక్తుడిదా కంచి భక్తుడిదా అని పరకామణిలో ఎవరూ చెప్పలేరు. ఎంత పడిందో లెక్కపెట్టగలరు, అంతే. దండంలో ఫోటాన్, అంటే వెలుతురు రేణువు, పడ్డా అంతే. నీలం ఫోటాన్ పడే అవకాశం ఎక్కువ, ఎరుపుది తక్కువ. పడ్డాక రెండూ ఒకటే. రంగు తెలియాలంటే కనీసం రెండు రకాల హుండీలు ఉండాలి, వాటి లెక్కలు పోల్చిచూసుకోవాలి.

అందుకే మేం "ఈ రంగుకు ఎంత జవాబొచ్చింది" అని కాకుండా, "ఇంత జవాబు రావాలంటే ఈ రంగు ఫోటాన్లు ఎన్ని కావాలి" అని అడుగుతాం. తక్కువ ఫోటాన్లతో పని జరిగిన చోట కన్ను చురుకుగా ఉన్నట్టు.

ఈ లెక్క నా బుర్రకెక్కింది ఒక అవమానం వల్ల. కొత్తగా చేరిన రోజుల్లో 365 నానోమీటర్ల అతినీలలోహిత ఎల్ఈడీ తెప్పించుకున్నాను. వెలుతురు రంగును మేం దాని తరంగం పొడవుతో, నానోమీటర్లలో చెప్తాం. వెలుతురు కొలిచే లక్స్ మీటరు పెడితే సున్నా. కాలిపోయిందనుకుని పక్కన పడేసి ఇంకోటి ఆర్డర్ పెట్టాను. మా టెక్నీషియన్ అన్న దాన్ని తీసి, డిటర్జెంటుతో ఉతికిన తన తెల్ల చొక్కా మీదికి తిప్పాడు. జేబు భగ్గున నీలంగా వెలిగింది. "సార్, కాలింది ఎల్ఈడీ కాదు" అన్నాడు, మిగతాది అనలేదు. ఎలుక కంటికి అదే ఎల్ఈడీ చూపిస్తే 'బి' తరంగం ఎగిరిపడింది.

లక్స్ అనేది మనిషి కన్ను కొలబద్ద. 555 నానోమీటర్ల ఆకుపచ్చ దగ్గర మన పగటి కన్ను చురుకు, కాబట్టి ఆ మీటరూ అక్కడే చురుకు. దాంతో ఎలుక వెలుతురును కొలవడమంటే, నా చెప్పు సైజు చూసి మీకు చెప్పులు కొనడమే. వాట్లు కూడా చాలవు. 360 నానోమీటర్ల ఫోటాన్‌లో 720 ఫోటాన్‌కు రెట్టింపు శక్తి ఉంటుంది, కాబట్టి వాట్లు సమానమైతే ఫోటాన్లు సగమే. చివరికి ఫోటాన్లనే లెక్కగట్టాలి.

అలా లెక్కగట్టి కొలిస్తే తేలినది ఇదీ. ఎలుక దండాల చురుకు 500 నానోమీటర్ల దగ్గర. శంకువులు రెండు రకాలు, ఒకటి 510 దగ్గర, ఇంకోటి 360 దగ్గర. ఎలుకల్లో ఈ అతినీలలోహిత శంకువు ఉందని 1991లో ఈఆర్‌జీతోనే బయటపడింది. మన కంటి లెన్సు ఆ వెలుతురును ఆపేస్తుంది, ఎలుక లెన్సు లోపలికి వదిలేస్తుంది. చుంచెలుకలో ఈ శంకువుల చురుకు రెటీనా కింది సగంలో ఎక్కువ, అంటే ఆకాశాన్ని చూసే సగం. పైనుంచి వచ్చే గద్దను పసిగట్టడానికేమో అంటారు. నాకూ ఆ మాట నచ్చింది, కానీ అది ఇంకా ఊహే. మన గాదంకి వాతావరణ పరిశోధన కేంద్రంలో రాత్రిపూట ఆకాశంలోకి వదిలే లైడార్ అనే లేజర్ కిరణం 532 నానోమీటర్లు, అంటే ఆకుపచ్చ. అది ఎలుకకు శుభ్రంగా కనబడుతుంది.

మరి ఎరుపు? ఎరుపు కోసం ప్రత్యేకంగా ఒక శంకువు మనకుంది, ఎలుకకు లేదు. కాబట్టి కనపడదు అని నేను అనేశాను. అదే నా తప్పు. చురుకు 500 దగ్గరుంటే 650 దగ్గర సున్నా అయిపోదు, జారుకుంటూ వస్తుంది. మన దండాలే తీసుకుంటే, 650 దగ్గర వాటి చురుకు వెయ్యో వంతు కన్నా తక్కువ. ఎలుక దండాలదీ దాదాపు అదే దారి. వెయ్యో వంతు అంటే పోయినట్టే అనిపిస్తుంది. కానీ చీకటికి అలవాటుపడ్డ దండం ఒక్క ఫోటాన్‌కే పలుకుతుంది. టార్చి క్షణానికి కోట్ల కోట్ల ఫోటాన్లు చిమ్ముతుంది, అందులో వెయ్యో వంతు చాలదా? పైగా ఎర్ర కాగితం కట్టినంత మాత్రాన నారింజ వెలుతురు ఆగదు. ల్యాబులో మా ఎర్ర లైటు పనికొచ్చిందంటే ఎర్రగా ఉన్నందుకొక్కటే కాదు, మసగ్గా కూడా ఉన్నందుకు. ఆ రైతుకు ఫోన్ చేసి ఇదే చెప్పాను. "అయితే ఆ కాగితం డబ్బులు దండగేనా సార్" అన్నాడు. పూర్తిగా దండగ కాదు, తెల్ల లైటు కన్నా నయమే. కానీ ఎలుక చెవుల సంగతి కూడా చూసుకోవాలి కదా అన్నాను.

సరే, మాటలు చాలు. వెనక వరసలో వాళ్లు కిటికీ తెరలు వేయండి. ఈ ఎర్ర కాగితం, ఈ నీలం కాగితం ఇప్పుడు చూసి పెట్టుకోండి, ఎరుపే కొంచెం వెలుగ్గా ఉంది కదా. లైట్లు దాదాపు ఆపేస్తాం, ఒక పది నిమిషాలు ఓపిక పట్టాలి. ఫోన్లు జేబుల్లో. మెల్లగా మీ దండాలు మేలుకుంటాయి, ఎరుపు నల్లబడుతుంది, నీలం తేలుతుంది. అప్పుడు ఒక్కొక్కరుగా చెప్పండి, మీకు ఎరుపు ఎన్నో నిమిషంలో పోయిందో. రాసుకోవడానికి బోర్డు దగ్గర ఒకరు రండి.