ఆఫర్ లెటర్ చదవడం ఎలా? 3.6 లక్షల ప్యాకేజీలో చేతికొచ్చేది ఎంత?

నమస్కారమండీ. వెనకాల మా విజయవాడ బెంజ్ సర్కిల్ హారన్లు వినపడితే ఏమనుకోకండి. కిటికీ మూస్తే ఉక్కపోత, తీస్తే ఈ గోల.

మా పిన్ని కొడుక్కి హైదరాబాద్‌లో పెద్ద కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ప్యాకేజీ 3.6 లక్షలు. పిన్ని అప్పుడే నెలకి ముప్పై వేలని లెక్కేసి చుట్టాలందరికీ చెప్పేసింది. వాడికి ఇంకో ఆఫర్ కూడా ఉంది. ఇక్కడే లబ్బీపేటలో పన్నెండు మంది పనిచేసే ఆఫీసు, నెలకి 20 వేలు.

పెద్ద కంపెనీ లెటర్ స్క్రీన్ మీద పెడుతున్నా, పేరు చెరిపేశాను. కాలిక్యులేటర్ తీయండి. 30,000 కొట్టండి. వేరియబుల్ పే 2,000 తీసేయండి, అది నెలనెలా రాదు, అసలు పూర్తిగా వస్తుందన్న గ్యారంటీ లేదు. కంపెనీ వాటా పీఎఫ్ 1,800. గ్రాట్యుటీ, అంటే ఏళ్ల తరబడి పనిచేసి మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే సొమ్ము, దాని కింద 722. ఆరోగ్య ఇన్సూరెన్స్ 500. ఇవన్నీ మన ప్యాకేజీలో కలిపి చూపించినవే. 24,978 మిగిలిందా? అందులోంచి మన వాటా పీఎఫ్ ఇంకో 1,800, ప్రొఫెషనల్ టాక్స్ 200. చేతికొచ్చేది 22,978. హైదరాబాద్‌లో హాస్టల్‌కి కట్టాక లబ్బీపేట 20 వేలే నయమనిపిస్తుంది.

ఆగండి, పీఎఫ్‌ని కోత అనుకోకండి. రెండు వాటాలు కలిపి నెలకి 3,600. కంపెనీ వాటాలో 1,250 పెన్షన్‌కి పోయినా, మిగతాది మీ ఖాతాలో వడ్డీతో పెరుగుతుంది. ఇరవై మంది కంటే తక్కువున్న ఆఫీసుకి పీఎఫ్ చట్టం మామూలుగా వర్తించదు. అంటే లబ్బీపేట జీతంలో ఆ దాచుకునే సొమ్ము లేదు.

ఇన్సూరెన్స్ లైన్ దగ్గర అమ్మానాన్నల పేర్లు కూడా ఉన్నాయేమో చూడండి. ఉంటే నేనైతే కళ్లు మూసుకుని పెద్ద కంపెనీ వైపే మొగ్గుతా. మా నాన్నకి స్టెంట్ వేసినప్పుడు ఆ కార్డు విలువ తెలిసొచ్చింది.

గ్రాట్యుటీ మాత్రం పర్మనెంట్ ఉద్యోగికి అయిదేళ్లు నిండితేనే. చివరి బేసిక్‌ని, అంటే నెల మూల జీతాన్ని, 15తో గుణించి 26తో భాగించి, ఎన్నేళ్లు చేస్తే అన్నేళ్లతో గుణించాలి. బేసిక్ 15,000 అయితే అయిదేళ్లకి సుమారు 43,269. మూడేళ్లకే మానేస్తే నెలనెలా చూపించిన ఆ 722 మీవి కానట్టే.

పని సంగతి లెటర్‌లో రాయరు. పెద్ద చోట రెండేళ్లు ఒకే చిన్న ముక్క పట్టుకుని కూర్చోవచ్చు. పన్నెండు మంది ఆఫీసులో కస్టమర్ ఫోన్ దగ్గర్నుంచి సర్వర్ దాకా అన్నీ మీ నెత్తినే. తిట్లు తింటారు కానీ పని వస్తుంది.

ఇక నోటీస్ పీరియడ్, అంటే మానేస్తానని చెప్పాక ఇంకా పనిచేయాల్సిన రోజులు. మూడో పేజీలో చిన్నక్షరాల్లో ఉంటుంది, ఇదిగో, 90 రోజులు. నా మొదటి ఉద్యోగంలోనూ అంతే. నెలలోపు చేరమన్న మంచి ఆఫర్ అలాగే పోయింది. సంతకం పెట్టేముందే హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టి, బై అవుట్, అంటే డబ్బు కట్టి ముందే బయటపడే వీలు, ఉందా, ఉంటే ఎంత కట్టాలని అడగమన్నా మా తమ్ముణ్ణి. ఇంకా జవాబు రాలేదు. పిన్ని మాత్రం స్వీట్లు పంచేసింది.