స్కానర్ కొనే ముందు రీళ్లు కొలవండి

నమస్కారం. పాత నెగెటివ్‌లనూ స్లైడ్‌లనూ కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఏ స్కానర్ కొనాలా అని ఆలోచించే ముందు, బీరువాలో దాచిన ఆ రీళ్లను బయటికి తీసి, స్కేలు పెట్టి కొలవండి.

ఇదిగో, ఈ ముక్క వెడల్పు 35 మిల్లీమీటర్లు. రెండంచులా వరుసగా చిల్లులున్నాయి. ఒక్కో ఫొటో 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల ఎత్తు. దీని పక్కనున్న వెడల్పాటి నెగెటివ్‌కు చిల్లులు లేవు, ఫొటో నలుచదరంగా ఉంది. ఈ రకాన్ని 120 రీలు అంటారు. ఒకప్పుడు మన ఇళ్లలో కనిపించిన ఆగ్ఫా క్లిక్ 3 కెమెరాలో వేసినది ఇదే. రీలుకు 12 ఫొటోలు వచ్చేవి. ప్లస్‌టెక్ 8200ఐ వంటి 35 మిల్లీమీటర్ల స్కానర్‌లో ఇది అసలు పట్టదు కాబట్టి, మీ దగ్గర ఇలాంటివి ఉంటే ఎప్సన్ వీ600 లాగా మూతలో కూడా లైటున్న ఫ్లాట్‌బెడ్ (అద్దం మీద పరిచి స్కాన్ చేసేది) తీసుకోవాలి. ఆఫీసుల్లో వాడే మామూలు స్కానర్ పనికిరాదు, ఎందుకంటే అది కాగితం మీద పడి తిరిగొచ్చిన వెలుగును చదువుతుంది. ఫిల్మ్‌కైతే వెలుగు దానిలోంచి దూరి రావాలి.

ఇక డీపీఐ, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు చదువుతుందన్న సంగతి. వీ600 అట్ట మీద 6400 అని ఉంటుంది గానీ, అది నిజంగా విడదీసి చూపగలిగేది అందులో దాదాపు నాలుగో వంతే. అంటే 35 మిల్లీమీటర్ల ఫొటో నుంచి సుమారు 30 లక్షల పిక్సెళ్ల వివరమే దక్కుతుంది, అదే స్కానర్‌లో 120 నెగెటివ్ పెడితే కోటికి పైగా వస్తుంది. అందుకే నేను క్లిక్ 3 నెగెటివ్‌లకు వీ600 చాలంటాను, 35 మిల్లీమీటర్ల స్లైడ్‌లకు మాత్రం చాలదంటాను.

దుమ్ము మచ్చలను చెరిపే ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనిపించని వెలుగు) సదుపాయం కలర్ ఫిల్మ్‌కు బాగా పనిచేస్తుంది. కలర్ ఫిల్మ్‌లోని రంగులు ఇన్‌ఫ్రారెడ్‌ను దాటనిస్తాయి, దుమ్ము అడ్డుకుంటుంది. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌లోని వెండి కూడా అడ్డుకుంటుంది కనుక, స్కానర్ దాన్నీ దుమ్మే అనుకుని ముఖాలను చెడగొడుతుంది. అక్కడ ఆ సదుపాయాన్ని ఆపేయాలి.

అమెరికాలో స్థిరపడిన బంధువుల స్లైడ్‌లుంటే అట్ట ఫ్రేము మీద కొడాక్రోమ్ (కొడాక్ కంపెనీ కలర్ స్లైడ్ ఫిల్మ్ పేరు) అని ఉందేమో చూడండి. ఏటవాలుగా వెలుగులో పట్టుకుంటే, ఒక వైపు బొమ్మ అంచులు కాస్త ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. వీటిలోనూ ఇన్‌ఫ్రారెడ్ తడబడుతుంది, పైగా స్కాన్‌లో నీలిరంగు ఎక్కువవుతుంది. సిల్వర్‌ఫాస్ట్ అనే స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొడాక్రోమ్ కోసమే ఒక సెట్టింగ్ ఉంది, స్కాన్ మొదలుపెట్టే ముందే దాన్ని ఎంచుకోండి.