బావ "ఎల్లొచ్చు" అన్నాడు, ఇంగ్లీషులో ఏమనాలి?

నమస్తే అండి. వెనకాల కాకుల గోల, ఇంజిన్ల మోత వినపడితే ఏమనుకోకండి, వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో నిలబడ్డాను. ఇంగ్లీషు చెప్పడానికే వచ్చాను, నిజం.

మొన్నో కుర్రాడు ఇంటర్వ్యూకి ప్రాక్టీస్ చేస్తూ "దేర్ ఈజ్ యాన్ ఆపర్చునిటీ ఆఫ్ రెయిన్ టుడే" అన్నాడు. వానకి ఆపర్చునిటీ ఏంటి నాయనా, అదేమైనా క్యాంపస్ సెలక్షన్‌కి వచ్చిందా? అతని తప్పు కూడా కాదు లెండి. వార్తల్లో "వాన పడే అవకాశం ఉంది" అంటారు, ఉద్యోగం వస్తే "మంచి అవకాశం" అంటాం. మనకి రెండింటికీ ఒకటే మాట. నేను నేర్చుకున్న చోట బోర్డు మీద మూడే లైన్లు రాశారు: కెన్ అంటే గలడు, మే అంటే వచ్చు, మైట్ అంటే మేకి పాస్ట్. ఆ మూడో లైను మీద నాకు ఇప్పటికీ కోపమే.

బోర్డు సంగతి వదిలేయండి, మా బావ సంగతి చెప్తా. బావకి ఇంజిన్ పెట్టిన ఫైబర్ బోటుంది. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, ఇంజిన్ బోట్లకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కదా. ఆ జూన్ 14 సాయంత్రం బావ ఇదిగో ఇక్కడే కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. వల అంచుని కాలి బొటనవేలికి తగిలించి లాగిపట్టి, దారం చుట్టిన చెక్కముక్కని చిరుగులోంచి దూరుస్తున్నాడు. "బావా, రేపు ఏటకి ఎల్తావా?" అన్నాను. తలెత్తకుండానే "ఎల్లొచ్చు" అన్నాడు.

ఇప్పుడు చెప్పండి, ఏ ఎల్లొచ్చు ఇది?

నిషేధం అయిపోతోంది, ఇక ఎవరూ ఆపరు, అందుకని ఎల్లొచ్చా? అది పర్మిషన్. హి కెన్ గో. ఆఫీసు నోటీసు భాషలో అయితే హి మే గో. లేదూ, ఇంజిన్ బాగైంది, డీజిల్ పోశాడు, సముద్రం నెమ్మదించింది, అందుకని ఎల్లొచ్చా? అదీ కెన్నే. ఆపర్చునిటీ అంటే ఇదండీ: దారి తెరుచుకుని ఉంది, నడవడం నడవకపోవడం బావ ఇష్టం. అదీ కాదు, ఎల్తాడో లేదో తనకే తెలీదా? అప్పుడు హి మే గో, హి మైట్ గో.

ఎలా పట్టుకోవాలంటే, ముందు "ఏమో" పెట్టి చూడండి. "ఏమో, ఎల్లొచ్చు" అని అతికిందంటే మే, మైట్. "నిషేధం తీసేశారు, ఏమో, ఎల్లొచ్చు" అంటే మాటే మారిపోయింది చూశారా? పర్మిషన్‌కి ఏమో అతకదు.

అందుకే "ఇట్ కెన్ రెయిన్ టుమారో" అంటే నాకు పళ్లు జివ్వుమంటాయి. రేపటి వాన "ఏమో" వాన. ఇట్ మే రెయిన్, ఇట్ మైట్ రెయిన్. కావాలంటే ఇట్ కుడ్ రెయిన్ అనండి, అదీ ఒప్పే. కెన్ మాత్రం వద్దు.

మరి వానకీ గాలికీ కెన్ రానే రాదా? వస్తుంది, స్వభావం చెప్పేటప్పుడు. "ది సీ కెన్ బి డేంజరస్ ఇన్ అక్టోబర్." అక్టోబరులో మన సముద్రం అలా చేస్తుంటుంది అని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చూసినవాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు. కానీ ఈ ఆదివారం బావ బోటు దించుకోవచ్చా, సముద్రం ఎలా ఉంటుంది అంటే, ఏమో. ఇట్ మైట్ బి రఫ్.

ఇక బోర్డు మీది ఆ మూడో లైను. మైట్ అంటే ఎప్పుడూ పాస్టే కాదు. "హి మైట్ గో టుమారో"లో రేపు కూర్చుని ఉంటే పాస్ట్ ఎక్కణ్నుంచి వచ్చింది? రిపోర్టెడ్ స్పీచ్‌లో మే కాస్తా మైట్ అవుతుంది, ఆ లైను అక్కడి వరకే. మైట్‌లో నమ్మకం ఇంకొంచెం తక్కువ అంటారు కొందరు. మాటల్లో పెద్ద తేడా లేదు.

ఇక కుడ్. "యెస్టర్డే ఐ కుడ్ క్యాచ్ ద బస్" అనకండి. మన తెలుగే దారి చూపిస్తుంది. బావ చిన్నప్పుడు ఒడ్డు నుంచి బోటు దాకా ఈదగలిగేవాడు: హి కుడ్ స్విమ్. నిన్న అంత అలల్లో కూడా ఒడ్డు చేరగలిగాడు: హి వాజ్ ఏబుల్ టు రీచ్ ద షోర్. గలిగేవాడు అంటే కుడ్, గలిగాడు అంటే వాజ్ ఏబుల్ టు. చేరలేకపోతే గొడవే లేదు, రెండు చోట్లా కుడ్‌న్ట్ నడుస్తుంది.

(బ్యాటరీ ఎర్రగా మెరుస్తోంది, గబగబా చెప్పేస్తా.)

తెల్లారి వచ్చి చూస్తే బోటు లేదనుకోండి. వెళ్లే ఉంటాడు: హి మస్ట్ హావ్ గాన్. ఒకవేళ బోటు కట్టే చోటే కనపడట్లేదు, వెళ్లుండొచ్చు: హి మే హావ్ గాన్. అదీ కాదు, బోటు ఇక్కడే కట్టేసుంది, వెళ్లుండడు: హి కాన్ట్ హావ్ గాన్. మస్ట్‌కి ఎదురు కాన్ట్, రాసుకోండి.

చివరిది కుడ్ హావ్. అవకాశం ఉండీ పోగొట్టుకుంటే ఇది. జూన్ 15న బావ వెళ్లాడు. వంజరం పడింది. "బామ్మర్దీ, ఏడింటికల్లా వచ్చెయ్, వేలంలో పెట్టకముందే ఒకటి తీసుంచుతా" అని ఫోన్ కూడా చేశాడు. నేను మళ్లీ పడుకుని లేచేసరికి ఎనిమిదిన్నర. ఐ కుడ్ హావ్ హాడ్ వంజరం పులుసు. ఆ రోజు మా ఇంట్లో బెండకాయ పులుసు.