ఒకటో తారీఖు లేని పని

ఆదివారం ఉదయం అనంతపురంలో రేడియోలో వచ్చిన ఫోన్-ఇన్ ఇది. పాటలు, ప్రకటనలు, ‘హలో, వినపడుతోందా’లు చాలావరకు తీసేశాను. ఫోన్ చేసినవాళ్ల పేర్లు వాడలేదు. ఎందుకో మొదటాయనే చెప్తాడు. జవాబులిచ్చినాయన చాలా ఏళ్లుగా మా ఊళ్లో చిన్న వ్యాపారుల లెక్కలు చూస్తున్న ఆడిటర్.

యాంకర్: నమస్కారం. ఉద్యోగం చేస్తూ పక్కన ఇంకో పని చేసుకునేవాళ్లు, ఆ పక్కపనే పూర్తిగా పెట్టుకుందామా అని ఆలోచిస్తున్నవాళ్లు ఇవాళ ఫోన్ చేయొచ్చు. మొదటి కాల్ ఊళ్లోంచే ఉంది. హలో, రేడియో సౌండ్ కొంచెం తగ్గించండి.

అనంతపురం శ్రోత: తగ్గించాను సార్. పేరు మాత్రం అడగొద్దు. మా మేనేజర్ ఆదివారం ఈ ప్రోగ్రాం వింటాడు.

యాంకర్: అడగనులెండి. గొంతు గుర్తుపడితే మాత్రం మా పూచీ లేదు.

అనంతపురం శ్రోత: బైకుల షోరూంలో బిల్లింగ్ చేస్తాను సార్. జీతం 18,000. రాత్రిపూట స్టూడియోలవాళ్లకు పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసిస్తాను. షీటుకు 80 రూపాయలు. ఆల్బమ్‌కు నలభై షీట్లు వేసుకోండి. మొన్న వైశాఖంలో ఎనిమిది ఆల్బమ్‌లు చేశాను. జీతాన్ని దాటిపోయింది. ఉద్యోగం మానేసి, సుభాష్ రోడ్డు వైపు చిన్న రూం తీసుకుని, దీన్నే పెట్టుకుందామని ఉంది.

ఆడిటర్: ఎనిమిది ఆల్బమ్‌లంటే 25,600. అంతా చేతికొచ్చిందా?

అనంతపురం శ్రోత: రెండింటివి రావాలి సార్. పెళ్లివాళ్లు స్టూడియోకు ఇచ్చాక స్టూడియోవాళ్లు నాకిస్తారు.

ఆడిటర్: అంటే మీ కూలి ఇంకా పెళ్లికూతురి నాన్న జేబులోనే ఉంది. ఎన్ని స్టూడియోలకు చేస్తున్నారు?

అనంతపురం శ్రోత: రెండు. ఎనిమిదిలో ఆరు ఒక్కాయనవే.

ఆడిటర్: పోయిన ఆషాఢంలో ఎన్ని చేశారు?

అనంతపురం శ్రోత: (నవ్వుతూ) ఆషాఢంలో పెళ్లిళ్లెక్కడివి సార్! పాతవి మిగిలుంటే ఒకటో రెండో.

ఆడిటర్: భాద్రపదంలో? పుష్యంలో? మధ్యలో మూఢం వస్తే?

అనంతపురం శ్రోత: ...

ఆడిటర్: ఒక పని చేయండి. మీ యూపీఐ యాప్ తెరిచి, ఆ రెండు స్టూడియోల నుంచి పోయిన పన్నెండు నెలల్లో వచ్చిన డబ్బు మాత్రమే కూడండి. అరగంట చాలు. కూడాక మళ్లీ చేయండి. అప్పటిదాకా రాజీనామా కాగితం మడిచి జేబులో పెట్టుకోండి.

యాంకర్: తర్వాత ధర్మవరం నుంచి. చెప్పండమ్మా.

ధర్మవరం శ్రోత: నమస్తే సార్. నేను పట్టుచీరలకు డిజైన్లు గీస్తాను. కంప్యూటర్లో గ్రాఫ్ వేసిస్తే, షావుకార్లు దాన్ని బట్టి మగ్గం మీద డిజైన్ నేసే జాకార్డుకు అట్టలు కొట్టించుకుంటారు. ఆరేళ్లుగా ఇంట్లోనే చేస్తున్నాను. పని బాగా ఉంది. ఇద్దరమ్మాయిలను పెట్టుకుని ఆఫీసులాగా చేద్దామని. కానీ ఒకాయన దగ్గర 90,000 ఆగిపోయింది సార్. ఉగాది నుంచీ ‘వచ్చే వారం’ అంటున్నాడు.

ఆడిటర్: బిల్లు ఇచ్చారా?

ధర్మవరం శ్రోత: బిల్లెక్కడిది సార్. వాట్సాప్‌లో డిజైన్ పంపుతాను, బాగుందంటాడు. అంతే.

ఆడిటర్: సరే. ముందు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న యూనిట్‌గా ప్రభుత్వం దగ్గర నమోదు, చేయించుకోండి. ఆధార్, పాన్ ఉంటే ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు. 2020 జూలై 1 నుంచి నడుస్తున్న పద్ధతి. రూపాయి ఫీజు లేదు. రెండు వేలు, మూడు వేలు అడిగే వెబ్‌సైట్లు ఉంటాయి, వాటి జోలికి పోవద్దు. అది చేతికొచ్చాక ప్రతి పనికీ బిల్లు రాయండి, దాని మీద ఉద్యమ్ నంబరు వేయండి.

ధర్మవరం శ్రోత: నంబరు వేస్తే ఇస్తాడా సార్?

ఆడిటర్: ఇచ్చేలా చేసే చట్టం ఒకటుంది. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం, ఎమ్‌ఎస్‌ఎమ్‌ఈ చట్టం అంటారు, దాని ప్రకారం మీలాంటి చిన్న యూనిట్‌కు కాగితం మీద ఒప్పందం ఉంటే ఒప్పుకున్న గడువులోగా డబ్బులివ్వాలి, ఆ గడువు 45 రోజులు దాటకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతలు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. దీనికి ప్రభుత్వ పోర్టల్ ఉంది, అందులో ఫిర్యాదు పెట్టొచ్చు.

ధర్మవరం శ్రోత: సార్, ఒకటి చెప్పనా. నేను ఒక షావుకారు మీద ఫిర్యాదు పెడితే, రేపటి నుంచి ధర్మవరంలో నాకు డిజైన్ ఇచ్చేవాళ్లు ఉండరు.

ఆడిటర్: ఆ మాట నిజమే తల్లీ. నేనైనా పెట్టమని చెప్పను. ఫిర్యాదు అక్కర్లేని దారి చెప్తాను. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో కొత్త నిబంధన వచ్చింది, 2024 ఏప్రిల్ నుంచి. చిన్న యూనిట్‌కు గడువులోగా డబ్బులివ్వకపోతే, ఇచ్చేదాకా షావుకారు ఆ ఖర్చును తన లెక్కల్లో చూపించుకోలేడు. ఖర్చు తగ్గితే లాభం పెరుగుతుంది, పన్ను పెరుగుతుంది. అందుకని మార్చి వచ్చేసరికి ‘ఉద్యమ్ వాళ్లకు బాకీలేమైనా ఉన్నాయా, తీర్చేయండి’ అని ఆయన ఆడిటరే వెంటపడతాడు. మీరు నోరు తెరవక్కర్లేదు. బిల్లు మీద నంబరుంటే చాలు. కాకపోతే, లెక్కల పుస్తకాలు రాయకుండా అమ్మకాల్లో ఇంత శాతమని లాభం చూపించే చిన్న షావుకారు దగ్గర ఇది పనిచేయదు. ఆయనకు ఖర్చు లెక్కే లేదు కదా.

ధర్మవరం శ్రోత: మరి ఈ 90,000?

ఆడిటర్: ఉద్యమ్ తీసుకోకముందు చేసిన పనికి ఆ చట్టం ధీమా పెట్టుకోవద్దు. దానికి మామూలు దారే. నెలకింత అని రాయించుకోండి. పాత బాకీలో కొంత కట్టందే కొత్త డిజైన్ ఇవ్వొద్దు. ఇక ముందు చూపించడానికి ఫొటో మాత్రం పంపండి, అట్టలు కొట్టించుకునే ఫైలు డబ్బులొచ్చాకే. సగం ముందు, సగం ఫైలుతో.

యాంకర్: ఇంకేమైనా అడగాలా అమ్మా?

ధర్మవరం శ్రోత: నా డిజైన్ ఇంకొకరి మగ్గం మీద కనిపిస్తే కడుపు మండుతుంది సార్. దానికేమైనా ఉందా?

ఆడిటర్: డిజైన్ల చట్టం ఉంది, 2000 సంవత్సరానిది. రిజిస్టర్ చేస్తే పదేళ్లు, పొడిగిస్తే ఇంకో ఐదేళ్లు హక్కు. బయట పెట్టకముందే దరఖాస్తు చేయాలి. ఒకసారి బజారులో చీర కనపడితే అది కొత్తది కాదు. ఇందులో మెలిక ఒకటుంది. షావుకారు డబ్బిచ్చి, తనకోసం గీయించుకున్న డిజైన్‌కు హక్కు ఆయనదే అవుతుంది, వేరే ఒప్పందం లేకపోతే. మీ అంతట మీరు గీసి, చూపించి అమ్మేది వేరు. అందుకని రెండు రేట్లు పెట్టండి. ఆర్డర్ మీద గీసేదానికి ఒకటి, మీ సొంతానికి ఇంకొకటి. ఇద్దరమ్మాయిలను పెట్టుకునే ముందు ఈ లెక్క తేల్చుకోండి. వాళ్లకు జీతం ఇచ్చే రోజు, షావుకారు ‘వచ్చే వారం’ అనే రోజు ఒకటే అవుతుంది మరి.

(ఇక్కడ ఒక పాట, రెండు ప్రకటనలు.)

యాంకర్: గుంతకల్లు నుంచి పెద్దాయన చాలాసేపటి నుంచి లైన్లో ఉన్నారు.

గుంతకల్లు శ్రోత: నమస్కారం నాయనా. నేను రైల్వేలో 34 ఏళ్లు చేసి రిటైరైనాను. మావాడు బెంగళూరులో ఉద్యోగం మానేసి ఇంటికొచ్చినాడు. మిద్దె మీద గదిలో కూర్చుని రాత్రంతా వీడియోలు ఎడిటింగ్ చేస్తాడు. అమెరికావాళ్లకంట. పగలు పడుకుంటాడు. సంబంధాలు వస్తున్నాయి. అబ్బాయి ఏం చేస్తాడని అడిగితే ఏం చెప్పాలో తెలీట్లేదు. టెన్షన్‌గా ఉంది.

ఆడిటర్: డబ్బులు వస్తున్నాయా సార్?

గుంతకల్లు శ్రోత: వస్తున్నాయి. పోయిన సంవత్సరం 23 లక్షలు వచ్చాయన్నాడు. రిటర్ను కూడా వేస్తాడు. అయినా ఉద్యోగం కాదు కదా.

ఆడిటర్: ఉండండి ఉండండి. 23 లక్షలా? జీఎస్‌టీ తీసుకున్నాడా?

గుంతకల్లు శ్రోత: అదెందుకు? బయటి దేశానికి పన్ను లేదంటాడే.

ఆడిటర్: పన్ను లేదు, కరెక్టే. రిజిస్ట్రేషన్ ఉండాలి. సేవల పనికి ఏడాదికి 20 లక్షలు దాటితే, దాటిన ముప్పై రోజుల్లో జీఎస్‌టీ తీసుకోవాలి. విదేశాలకు చేసేదీ ఆ 20 లక్షల్లో కలుస్తుంది. తీసుకున్నాక ప్రతి ఆర్థిక సంవత్సరానికీ ఎల్‌యూటీ అని ఒక హామీపత్రం ఆన్‌లైన్లో ఇస్తే, పన్ను కట్టకుండానే బిల్లు వేయొచ్చు. విదేశీ డబ్బు వచ్చినట్టు బ్యాంకు ఇచ్చే పత్రాలు ఒక్కటీ పారేయొద్దనండి. రేపు సోమవారమే ఎవరైనా ఆడిటర్ దగ్గరికి పంపండి.

గుంతకల్లు శ్రోత: నేను పెళ్లి గురించి చేస్తే మీరు జీఎస్‌టీ అంటారేమి!

ఆడిటర్: (నవ్వుతూ) పెళ్లివాళ్లకు చూపించడానికీ అవే పనికొస్తాయి సార్. జీఎస్‌టీ సర్టిఫికెట్, మూడేళ్ల రిటర్నులు, వ్యాపారం పేరు మీద కరెంట్ ఖాతా. బ్యాంకువాళ్లు ఇంటి లోనుకు అడిగేవీ ఇవే. ఇంకోటి అడుగుతాను. ఆ అమెరికావాళ్లు ఎంతమంది?

గుంతకల్లు శ్రోత: ఒకటే కంపెనీ అంట.

ఆడిటర్: అయితే మీకు టెన్షన్ ఉండాల్సింది అక్కడ. 23 లక్షలైనా ఒకరి దగ్గర్నుంచే వస్తే అది వ్యాపారం కాదు. సెలవు లేని, పీఎఫ్ లేని ఉద్యోగం. ఆ కంపెనీ ఒక మెయిల్ పెడితే ఆ నెలతో సరి.

గుంతకల్లు శ్రోత: నేనూ అదే మొత్తుకుంటున్నా! రైల్వేలో ఒక్కసారి కూడా ఒకటో తారీఖు తప్పలేదు నాకు.

ఆడిటర్: మీరు ఉద్యోగానికి పొమ్మని అంటున్నారు, నేను ఇంకో ఇద్దరు క్లయింట్లను వెతుక్కోమంటున్నాను. రెండూ ఒకటి కాదు సార్. పిల్లవాడిని తిట్టకండి.

గుంతకల్లు శ్రోత: తిట్టను నాయనా. ఇప్పుడు పడుకున్నాడు, లేచాక చెప్తా.

యాంకర్: మొదట చేసినాయన మళ్లీ వచ్చారు. కూడారా? మీ రేడియో సౌండ్ ఇంకా వస్తోంది.

అనంతపురం శ్రోత: నాది కట్టేశాను సార్. అది వంటింట్లోది, మా ఆవిడ వింటోంది. కూడాను. 1,62,000.

ఆడిటర్: పన్నెండుతో భాగించండి.

అనంతపురం శ్రోత: 13,500 సార్. (కాసేపు ఆగి) నేను 25,000 అనే అనుకుంటున్నా ఇన్నాళ్లూ.

ఆడిటర్: అందరూ మంచి నెలనే గుర్తుపెట్టుకుంటారు. రూం అద్దె ఎంతన్నారు?

అనంతపురం శ్రోత: 6,000.

ఆడిటర్: ఏడాదికి 72,000. మిగిలేది 90,000. నెలకు 7,500. కరెంటు, ఇంటర్నెట్ ఇంకా తీయలేదు. అసలు మీకు రూం ఎందుకు? ఫైళ్లు ఆన్‌లైన్లోనే వస్తాయి, ఆన్‌లైన్లోనే పోతాయి. బోర్డు చూసి లోపలికొచ్చే గిరాకీ కాదు మీది.

అనంతపురం శ్రోత: ఇంట్లో కూర్చుంటే ఖాళీగా ఉన్నానంటారు సార్.

ఆడిటర్: అననివ్వండి. ఆ మాటకు నెలకు 6,000 ఇవ్వాలా? షోరూంలో పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా?

అనంతపురం శ్రోత: ఉన్నాయి. ఏడేళ్లయింది. అమ్మకు షుగర్ మందులు ఈఎస్ఐలోనే తెస్తాను.

ఆడిటర్: అది రాసుకోండి. ఉద్యోగం మానితే కొన్నాళ్లకు ఆ మందులు మీ జేబులోంచి కొనాలి. పీఎఫ్ డబ్బు తీసి కంప్యూటర్ కొందామనే ఆలోచన వద్దు. పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి, మీకు ఏడున్నాయి. మధ్యలో మానినా పెన్షన్ భాగం తీసుకోకుండా, ఇన్నేళ్ల సర్వీసు ఉందని పీఎఫ్ ఆఫీసు ఇచ్చే స్కీం సర్టిఫికెట్ తీసుకుంటే, రేపు ఇంకెక్కడైనా చేరినప్పుడు ఈ ఏడేళ్లూ కలుస్తాయి. చాలామంది తొందరపడి తీసేసుకుంటారు.

అనంతపురం శ్రోత: అంటే మానొద్దంటారా?

ఆడిటర్: అనలేదు. మూడో స్టూడియో, నాలుగో స్టూడియో పట్టండి, ఈ ఊళ్లో కాదు. హిందూపురం, బళ్లారి వెళ్లండి. ఇక్కడివాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే, రేటు పెంచనివ్వరు. పుట్టినరోజులు, బారసాలలు కూడా తీసుకోండి. పుట్టినరోజుకు మూఢం లేదు. ఫొటోలు వచ్చిన రోజే సగం డబ్బులు అడగండి. ఓకే చేయించుకోవడానికి చిన్న సైజు ఫైలు పంపండి, ప్రింటు ఫైలు మిగతా సగం వచ్చాక. ఒకాయన ఒప్పుకోకపోతే పోనీండి. ఆ ఆరు ఆల్బమ్‌లాయన ఒప్పుకోకపోతే మాత్రం... ఆయనతో మెల్లగా.

అనంతపురం శ్రోత: కంప్యూటర్‌కు ముద్రా లోను?

ఆడిటర్: అందులో 50,000 దాకా శిశు రకం, పైన 5 లక్షల దాకా కిశోర్ రకం. తాకట్టు అడగరు. రిటర్ను వేస్తున్నారా? లేదు కదా. మీ ఆదాయానికి పన్ను పడదు. అయినా ఈ ఏడు నుంచే జీతం, ఆల్బమ్ డబ్బులు రెండూ చూపించి వేయండి. ఉద్యోగం మానాక లోనుకు పోతే జీతం స్లిప్పు ఉండదు, అప్పుడు అడిగేది పాత రిటర్నులే.

అనంతపురం శ్రోత: ఎప్పుడు మానాలో ఎలా తెలుస్తుంది సార్?

ఆడిటర్: వచ్చే ఆషాఢంలో జీతం పడగానే అంతా ఇంకో ఖాతాలోకి పంపేయండి. ఏటీఎం కార్డు మీ ఆవిడకు ఇచ్చేయండి. ఆ నెల ఆల్బమ్ డబ్బులతోనే ఇల్లు నడపండి. అద్దె, పాలు, స్కూలు ఫీజు, మందులు అన్నీ. నడిస్తే భాద్రపదంలో ఇంకోసారి చేయండి. రెండూ నడిస్తే నాకు ఫోన్ చేయండి, రాజీనామా లెటర్ నేనే రాసిస్తా.

యాంకర్: టైం అయిపోయింది. ఇంట్లో ఏమంటున్నారు ఈ ఆలోచనకు?

అనంతపురం శ్రోత: ఇంట్లో ఇంకా చెప్పలేదు సార్, మానేద్దామనుకున్న సంగతి.

యాంకర్: వంటింట్లో రేడియో ఇంకా మోగుతోందా?

అనంతపురం శ్రోత: ...ఇప్పుడే కట్టేసింది సార్.

(లైన్ కట్ అయింది.)